హెరాల్డ్ గిల్లీస్

సర్ హెరాల్డ్ డెల్ఫ్ గిల్లీస్ (జూన్ 17, 1882 - సెప్టెంబర్ 10, 1960) న్యూజీలాండులో పుట్టి ఇంగ్లాండులో స్థిరపడిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు. ఈయనను ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి పితామహుడిగా పరిగణిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి గుండ్లకు, ఫిరంగి గుళ్ళ ముక్కలకు, మంటలకు ముఖాలు ఛిద్రమైన వేలాది సైనికులకు ఈయన, ఈయన సహచరులు తిరిగి ముఖాలను నిర్మించి ఇచ్చారు. శరీరంలో ఒక చోటి చర్మాన్ని, కండను, ఎముకను మరొక చోటికి తరలించినప్పుడు ఎదురయ్యే చిక్కులను ఈయన స్వయంగా ఎదుర్కొని, వాటి కారణాలను గుర్తించి, వాటి నుండి నియమాలను రూపొందించాడు. తరలించిన భాగం బ్రతకాలంటే దానికి రక్తప్రసరణ నిలవాలి అన్నది ఆ నియమాలన్నిటికీ మూలం. నేటి ఎముక ఫ్లాపుల శస్త్రచికిత్స కూడా ఈ మూలసూత్రం మీదనే ఆధారపడి ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

గిల్లీస్ న్యూజీలాండులోని డునెడిన్ నగరంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ గిల్లీస్ ఆ దేశపు పార్లమెంటు సభ్యుడిగా పనిచేశాడు. ఖగోళశాస్త్రంలో ఆయనకు ఆసక్తి ఉండేది. తల్లి పేరు ఎమిలీ స్ట్రీట్. ఆంగ్లంలో హాస్య పద్యాలకు పేరుపొందిన ఎడ్వర్డ్ లియర్ ఆమెకు బంధువు. గిల్లీస్‌కు నాలుగేళ్ళ వయసులోనే, 1886లో, తండ్రి మరణించాడు.

చిన్నతనంలో ఇంటి మెట్ల పక్కనుండే పిట్టగోడ కర్ర మీద నుండి జారుతూ పడి ఈయన మోచేయి విరిగింది. ఆ కీలు జీవితాంతం పూర్తిగా వంగకుండా, చాపకుండా బిగుసుకుపోయింది. అయినప్పటికీ ఈ లోపం ఆటలకు గాని, తరువాత కాలంలో శస్త్రచికిత్సకు గాని ఆటంకం కాలేదు. కొంతకాలం ఇంగ్లాండులోని ఒక పాఠశాలలోను, తరువాత న్యూజీలాండులోని వాంగనూయి కాలేజియేట్ పాఠశాలలోను చదువుకున్నాడు. ఆ పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన గాన్‌విల్ అండ్ కీస్ కళాశాలలో వైద్యవిద్య ప్రారంభించాడు. 1904లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల మధ్య జరిగిన పడవ పందెంలో కేంబ్రిడ్జి తరఫున పాల్గొన్నాడు. గోల్ఫ్ క్రీడలో కూడా మంచి పేరు తెచ్చుకుని, ఇంగ్లాండు తరఫున స్కాట్లాండుతో పోటీపడ్డాడు.

లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యశిక్షణ పూర్తిచేసి, 1910లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఫెలోషిప్ పొందాడు. చెవి, ముక్కు, గొంతు వ్యాధులలో నిపుణుడైన సర్ మిల్సమ్ రీస్ వద్ద సహాయకుడిగా చేరాడు. 1911లో కాథ్లీన్ మార్గరెట్ జాక్సన్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

యుద్ధరంగంలో తొలి పాఠాలు

మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైంది. గిల్లీస్ 1915లో బ్రిటిష్ సైన్యపు వైద్యదళంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళాడు. ఆ యుద్ధం ప్రధానంగా కందకాల యుద్ధం. శరీరమంతా కందకంలో దాగి ఉన్నా, తల పైకెత్తిన క్షణంలో ముఖానికి గాయమయ్యేది. తలకు ఉక్కు టోపీలు వచ్చిన తరువాత ప్రాణం దక్కినవారి సంఖ్య పెరిగింది కాని, దవడ, ముక్కు, కళ్ళు కోల్పోయినవారి సంఖ్య తగ్గలేదు.

బులోన్ సమీపంలోని వీమెరో అనే ఊళ్ళో చార్లెస్ వాలాడియే అనే దంతవైద్యుడు దవడ గాయాలకు చికిత్స చేస్తుండేవాడు. ఫ్రెంచ్, అమెరికన్ మూలాలు గల ఈయన తన రోల్స్ రాయిస్ కారులోనే దంతవైద్యపు కుర్చీని అమర్చుకున్నాడని ప్రసిద్ధి. ఈయనకు శస్త్రచికిత్స చేసే అధికారం లేకపోవడం వలన, పర్యవేక్షణ కోసం గిల్లీస్‌ను నియమించారు. పోయిన దవడ ఎముక స్థానంలో కొత్త ఎముకను పెట్టే ప్రయత్నాలను గిల్లీస్ ఇక్కడ దగ్గరగా చూశాడు. దవడ శస్త్రచికిత్సల మీద ఒక జర్మన్ వైద్యుడు రాసిన పుస్తకం కూడా ఈ రోజుల్లోనే ఈయన చేతికి వచ్చింది.

తరువాత పారిస్‌లోని వాల్ ద గ్రాస్ సైనిక ఆసుపత్రిలో ఇపొలిట్ మోరెస్తాఁ అనే శస్త్రవైద్యుడు పనిచేస్తుండగా చూసే అవకాశం కలిగింది. ముఖం మీది కాన్సర్ కణితిని తొలగించి, ఆ ఖాళీని పక్కనున్న చర్మాన్ని జరిపి మోరెస్తాఁ మూసివేసిన తీరు గిల్లీస్‌ను ఎంతగానో ఆకర్షించింది. ఇక మీదట ఈ పనే చేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

ఆల్డర్‌షాట్

ముఖానికి గాయాలైన సైనికులకు ప్రత్యేక విభాగం కావాలని గిల్లీస్ సైన్యాధికారులను కోరాడు. దాని ఫలితంగా 1916 ఆరంభంలో ఆల్డర్‌షాట్‌లోని కేంబ్రిడ్జి సైనిక ఆసుపత్రిలో ఒక విభాగం ఏర్పడింది. క్షతగాత్రులు తన వద్దకే చేరాలనే ఉద్దేశంతో గిల్లీస్ తన సొంత డబ్బు పది పౌండ్లతో చీటీలు కొని, వాటి మీద ఆసుపత్రి చిరునామా రాయించి ఫ్రాన్సుకు పంపాడు. గాయపడినవారి దుస్తులకు ఈ చీటీలను తగిలించి పంపేవారు.

జూలై 1, 1916న సోమ్ యుద్ధం మొదలైంది. ఆల్డర్‌షాట్ ఆసుపత్రికి సుమారు 200 మంది వస్తారని ఊహించగా, దాదాపు 2,000 మంది వచ్చారు. ఈ పనిలో దంతవైద్యుడు విలియం కెల్సీ ఫ్రై గిల్లీస్‌కు ముఖ్య సహచరుడు. పళ్ళు, దవడలు మొదలైన గట్టి భాగాల బాధ్యత కెల్సీ ఫ్రైది కాగా, చర్మం, కండ మొదలైన మెత్తని భాగాల బాధ్యత గిల్లీస్‌ది. చిత్రకారుడు, స్వయంగా శస్త్రవైద్యుడు కూడా అయిన హెన్రీ టాంక్స్ రోగుల ముఖాలను చికిత్సకు ముందు, తరువాత రంగు సుద్దలతో చిత్రించాడు. ఆ చిత్రాలు వైద్యచరిత్రలో అమూల్యమైన ఆధారాలుగా మిగిలాయి.

ఆల్డర్‌షాట్‌లో గిల్లీస్ గ్రహించిన మొదటి విషయం ఏమంటే, ముఖానికి పడిన రంధ్రాన్ని చుట్టూ ఉన్న చర్మాన్ని లాగి కుట్టి మూయరాదు. లోపల ఎముక ఆధారం గాని, నోటి లోపలి పొర గాని లేకుండా పైచర్మాన్ని మాత్రమే కుడితే, కొన్ని వారాలలో అది ముడుచుకుపోయి ముఖం మునుపటికంటే వికృతమయ్యేది. అప్పుడు కుట్లు విప్పి, మిగిలి ఉన్న భాగాలను వాటి సహజ స్థానాలకు చేర్చి, నిజంగా ఎంత పోయిందో తెలుసుకుని, మొదటి నుండి ప్రారంభించవలసి వచ్చేది.

సిడ్‌కప్ ఆసుపత్రి

రోగుల సంఖ్య పెరగడంతో ఆల్డర్‌షాట్ చాలలేదు. కెంట్ ప్రాంతంలోని సిడ్‌కప్ వద్ద ఫ్రాగ్నల్ అనే ఎస్టేటులో క్వీన్స్ హాస్పిటల్ పేరుతో కొత్త ఆసుపత్రిని నిర్మించి ఆగస్టు 1917లో ప్రారంభించారు. ఇది ముఖగాయాల కోసమే ఏర్పడిన ఆసుపత్రి. బ్రిటిష్ విభాగంతో పాటు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు విభాగాలు కూడా ఇక్కడ ఉండేవి. ఆస్ట్రేలియా విభాగానికి హెన్రీ న్యూలాండ్, న్యూజీలాండు విభాగానికి హెన్రీ పికెరిల్ నాయకత్వం వహించారు. 1925 వరకు ఇక్కడ 5,000 మందికి పైగా సైనికులకు 11 వేలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి.

వార్డులలో అద్దాలు ఉండేవి కావు. ఆసుపత్రి నుండి ఊళ్ళోకి వెళ్ళే దారిలో కొన్ని బల్లలకు నీలిరంగు వేసేవారు. ఆ బల్లల మీద కూర్చునేవారి ముఖం చూసి ఉలిక్కిపడవద్దని ఊరివారికి అది సూచన. ఒక్కొక్క రోగికి కొన్ని సంవత్సరాల కాలంలో పది, ఇరవై, అంతకంటే ఎక్కువ శస్త్రచికిత్సలు కూడా జరిగేవి.

మత్తు ఇవ్వడం కూడా ఆ రోజుల్లో పెద్ద సమస్య. ముఖం మీద మత్తుమందు ముసుగు పెడితే శస్త్రవైద్యుడికి పని చేయడానికి చోటుండదు. ఈ సమస్యకు సిడ్‌కప్‌లోనే ఐవన్ మాగిల్, స్టాన్లీ రోబోథమ్ అనే వైద్యులు పరిష్కారం చూపారు. వీరు శ్వాసనాళంలోకి రబ్బరు గొట్టం పంపి మత్తు ఇచ్చే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ పద్ధతి తరువాత ప్రపంచమంతటా వ్యాపించింది.

దవడ ఎముకను నిర్మించడంలో చిక్కులు

ముఖ పునర్నిర్మాణంలో అన్నిటికంటే కష్టమైనది కింది దవడ. దవడ ముందు భాగం పోయిన వ్యక్తి నమలలేడు, స్పష్టంగా మాట్లాడలేడు, లాలాజలాన్ని నోటిలో నిలుపుకోలేడు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనుకకు జారి ఊపిరి ఆడక మరణించే ప్రమాదం కూడా ఉంటుంది. కాబట్టి ఎముకను తిరిగి అమర్చడం కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు.

ఆ ఖాళీని పూరించడానికి పక్కటెముక, తుంటి ఎముక అంచు, మోకాలి కింది పెద్ద ఎముక వంటి వాటి నుండి ముక్కలు తీసి పెట్టేవారు. ఇలా పూర్తిగా వేరుచేసి తెచ్చిన ముక్కను గ్రాఫ్టు అంటారు. దానికి సొంత రక్తప్రసరణ ఉండదు. చుట్టూ ఉన్న కణజాలం నుండి కొత్త రక్తనాళాలు మెల్లగా లోపలికి పెరిగేంత వరకు అది నిర్జీవమైన ముక్క వంటిదే. ఈ మధ్యకాలంలోనే చిక్కులు ఏర్పడతాయి.

వాటిలో ముఖ్యమైనది చీము పట్టడం. నోరు ఎల్లవేళలా సూక్ష్మజీవులతో నిండి ఉంటుంది. నోటి లోపలి పొరలో చిన్న చిల్లు ఉన్నా లాలాజలం ఎముక దగ్గరకు చేరుతుంది. పెన్సిలిన్ వంటి మందులు ఇంకా లేని ఆ కాలంలో చీము పట్టిన గ్రాఫ్టును తీసివేయడం తప్ప మార్గం లేదు. రెండవది ఎముక అతుక్కోకపోవడం. దవడ కదులుతూ ఉంటే రెండు కొసలు కలియక, మధ్యలో కీలు వంటిది ఏర్పడేది. మూడవది పెట్టిన ఎముక క్రమంగా కరిగి సన్నబడిపోవడం. ఇవన్నీ దాటినా, ఎముకను తీసిన చోట నొప్పి, బలహీనత మిగలవచ్చు.

అందువలన సిడ్‌కప్‌లో ఒక క్రమాన్ని పాటించారు. మొదట గాయంలోని చీమును, చనిపోయిన ఎముక ముక్కలను తొలగించాలి. దవడలో మిగిలిన భాగాలను దంతవైద్యుడు తయారుచేసిన లోహపు బద్దలతో సరైన స్థానంలో నిలపాలి. నోటి లోపలి పొరను, పైచర్మాన్ని పూర్తిగా మూయాలి. ఆ తరువాత నెలల తరబడి వేచి ఉండి, చీము పూర్తిగా అణగిందని నమ్మకం కుదిరాకే ఎముకను పెట్టాలి. తొందరపడితే నెలల శ్రమ వ్యర్థమవుతుంది.

ఇదే కాలంలో బ్రిటిష్ శస్త్రవైద్యుడు పెర్సివల్ కోల్ మరొక మార్గం చూపాడు. దవడలో మిగిలి ఉన్న భాగపు కింది అంచు నుండి ఒక ఎముక ముక్కను కోసి, దానిని అంటిపెట్టుకుని ఉన్న కండను మాత్రం తెంచకుండా పక్కనున్న ఖాళీలోకి జరపడం ఈ పద్ధతి. కండ ద్వారా ఎముకకు రక్తం అందుతూ ఉంటుంది. ఇలా రక్తప్రసరణ ఇచ్చే కాడతో సహా జరిపిన భాగాన్ని ఫ్లాప్ అంటారు. సజీవంగా ఉన్న ఎముక చీమును తట్టుకుంటుంది, త్వరగా అతుక్కుంటుంది. అయితే ఈ పద్ధతి చిన్న ఖాళీలకు మాత్రమే సరిపోయేది.

గొట్టపు కాడ

అక్టోబరు 3, 1917న గిల్లీస్ విల్లీ వికరేజ్ అనే నావికుడికి శస్త్రచికిత్స చేశాడు. 1916 నాటి జట్లాండ్ నౌకాయుద్ధంలో మంటలలో చిక్కుకుని అతని ముఖం, చేతులు కాలిపోయాయి. అతని ఛాతీ మీది చర్మాన్ని పొడవాటి పట్టీలుగా లేపినప్పుడు వాటి అంచులు తమంతట తాము లోపలికి చుట్టుకోవడం గిల్లీస్ గమనించాడు. ఆ రెండు అంచులను కలిపి కుడితే పట్టీ ఒక గొట్టంలా మారుతుందని ఆయనకు తోచింది. అలాగే చేశాడు.

దీని వలన ఎన్నో లాభాలు కలిగాయి. విప్పి ఉన్న పట్టీలో పచ్చి భాగం గాలికి తగిలి చీము పట్టేది, ఎండి ముడుచుకుపోయేది. గొట్టంగా కుట్టినప్పుడు పచ్చి భాగమంతా లోపల దాగుతుంది. రక్తనాళాలు భద్రంగా ఉంటాయి. గొట్టం ఒక కొసను ముందుగా మణికట్టుకు అతికించి, అది బ్రతికిన తరువాత రెండవ కొసను విడదీసి, చేయిని ముఖం దగ్గరకు తెచ్చి కుట్టవచ్చు. ఈ విధంగా పొట్ట మీది చర్మాన్ని కూడా కొన్ని అంచెలలో ముఖానికి చేర్చడం సాధ్యమైంది.

రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో వ్లదీమిర్ ఫిలాతోవ్ అనే నేత్రవైద్యుడు 1916లోనే ఇటువంటి పద్ధతిని ఉపయోగించాడు. జర్మనీలో హ్యూగో గాంజర్ కూడా దాదాపు అదే సమయంలో ఇదే మార్గాన్ని కనుగొన్నాడు. యుద్ధం వలన ఒకరి పని మరొకరికి తెలియలేదు. కాని పెద్ద సంఖ్యలో రోగులకు ఈ పద్ధతిని ఉపయోగించి, దానిని ప్రపంచానికి పరిచయం చేసిన ఘనత గిల్లీస్‌కు దక్కింది.

లమ్లీ మరణం

గిల్లీస్ ఆలోచనను బాగా ప్రభావితం చేసిన సంఘటన ఒక విజయం కాదు, ఒక వైఫల్యం. హెన్రీ రాల్ఫ్ లమ్లీ అనే యువ విమానచోదకుడు 1916లో శిక్షణ ముగిసే సమయంలో విమానం కూలి మంటలలో చిక్కుకున్నాడు. అతని ముఖం దాదాపు పూర్తిగా కాలిపోయింది. దాదాపు ఏడాది గడిచాక సిడ్‌కప్ చేరేనాటికి అతడు శారీరకంగాను, మానసికంగాను బాగా కుంగిపోయి ఉన్నాడు.

ముఖమంతటికీ సరిపోయే ఒకే పెద్ద చర్మాన్ని ఛాతీ మీద నుండి లేపి ఒకేసారి అమర్చాలని గిల్లీస్ నిర్ణయించాడు. 1918లో ఆ శస్త్రచికిత్స జరిగింది. అంత పెద్ద ఫ్లాపుకు అన్ని వైపులా రక్తం అందలేదు. కొన్ని రోజులలో అది నల్లబడి, కుళ్ళి, చీము పట్టింది. చర్మాన్ని తీసిన ఛాతీ భాగం కూడా మానలేదు. కొద్ది వారాలలోనే లమ్లీ మరణించాడు.

గిల్లీస్ ఈ కేసును దాచిపెట్టలేదు. తరువాత ప్రచురించిన గ్రంథంలో దీనిని వివరించి, ఈ పనిని అంచెలంచెలుగా చేసి ఉండవలసిందని అంగీకరించాడు. బలహీనంగా ఉన్న రోగికి ముందు బలం చేకూర్చాలి. ఫ్లాపును ఒకేసారి పూర్తిగా లేపకుండా కొంత లేపి, తిరిగి అక్కడే కుట్టి, కొన్ని రోజులు ఆగి, కాడ ద్వారా రక్తప్రసరణ బలపడిన తరువాత జరపాలి. రేపటికి వాయిదా వేయగలిగిన పనిని ఈరోజు చేయరాదు. ఈ విషయాలు ఆయన బోధనలో ముఖ్యమైన సూత్రాలయ్యాయి.

గ్రంథ రచన

1920లో గిల్లీస్ ముఖ ప్లాస్టిక్ సర్జరీ మీద తన మొదటి గ్రంథాన్ని ప్రచురించాడు. సిడ్‌కప్‌లోని కేసుల ఛాయాచిత్రాలు, రేఖాచిత్రాలు దానిలో విస్తారంగా ఉన్నాయి. అంతవరకు చెదురుమదురుగా ఉన్న అనుభవాలను ఒక శాస్త్రంగా కూర్చిన తొలి గ్రంథాలలో ఇది ముఖ్యమైనది. విజయాలతో పాటు వైఫల్యాలను కూడా వివరించడం దీని ప్రత్యేకత. చాలాకాలం తరువాత, 1957లో, అమెరికన్ శిష్యుడు రాల్ఫ్ మిల్లార్డ్‌తో కలిసి రెండు సంపుటాల మరొక గ్రంథం వెలువరించాడు. దీనిలో ప్లాస్టిక్ సర్జరీ సూత్రాలను, వాటి వెనుకనున్న అనుభవాలను హాస్యం మేళవించి చెప్పాడు.

యుద్ధాల నడుమ

యుద్ధం ముగిసిన తరువాత ప్లాస్టిక్ సర్జరీని ఒక ప్రత్యేక శాఖగా గుర్తించేవారు తక్కువ. గిల్లీస్ లండనులో సొంతంగా వైద్యవృత్తి ప్రారంభించి, ఈ శాఖకు గౌరవం తేవడానికి కృషి చేశాడు. 1924లో డెన్మార్క్ నౌకలో జరిగిన ప్రేలుడులో కాలిపోయిన నావికులకు చికిత్స చేయడానికి కోపెన్‌హాగెన్ వెళ్ళాడు. ఆ దేశం ఆయనను డానెబ్రోగ్ బిరుదుతో సత్కరించింది.

1927లో సహచరులు కిల్నర్, స్టోన్‌లతో కలిసి, విరిగి లోపలికి నొక్కుకుపోయిన చెంప ఎముకను సరిచేసే పద్ధతిని ప్రచురించాడు. కణత మీద జుట్టులో చిన్న గాటు పెట్టి, అక్కడి నుండి పరికరాన్ని చెంప ఎముక కిందికి పంపి పైకి లేపడం ఈ పద్ధతి. ముఖం మీద మచ్చ కనబడదు. ఈ పద్ధతి నేటికీ గిల్లీస్ పేరుతోనే వాడుకలో ఉంది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఈయనకు సర్ బిరుదు ఇచ్చింది. అదే సంవత్సరం న్యూజీలాండుకే చెందిన ఈయన బంధువు ఆర్చిబాల్డ్ మెకిండో లండను వచ్చి ఈయన వద్ద ఈ విద్య నేర్చుకున్నాడు.

రెండవ ప్రపంచ యుద్ధం, తరువాతి కృషి

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటనులో పేరున్న ప్లాస్టిక్ సర్జన్లు నలుగురే: గిల్లీస్, కిల్నర్, మెకిండో, రెయిన్స్‌ఫర్డ్ మౌలెమ్. గిల్లీస్ బేసింగ్‌స్టోక్ దగ్గర ఉన్న రూక్స్‌డౌన్ హౌస్‌ను కేంద్రంగా చేసుకుని పనిచేశాడు. మెకిండో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో కాలిన గాయాలైన విమానచోదకులకు చికిత్స చేసి ప్రసిద్ధి పొందాడు. మౌలెమ్ 1944లో తుంటి ఎముక లోపలి మెత్తని భాగపు చిన్న ముక్కలతో ఎముక ఖాళీలను పూరించే పద్ధతిని ప్రచురించాడు. గట్టి ఎముక ముక్కకంటే ఈ చిన్న ముక్కలలోకి రక్తనాళాలు త్వరగా ప్రవేశిస్తాయి.

1946లో బ్రిటిష్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ఏర్పడినప్పుడు గిల్లీస్ దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. 1946-49 మధ్య మైకేల్ డిల్లన్‌కు గొట్టపు కాడ పద్ధతితో లింగమార్పిడి శస్త్రచికిత్సలు చేశాడు. 1951లో రోబెర్టా కోవెల్‌కు కూడా ఇటువంటి శస్త్రచికిత్స చేశాడు. 1950లో స్టూవర్ట్ హారిసన్‌తో కలిసి, పుట్టుకతోనే ముఖమధ్య భాగం లోపలికి పోయిన ఒక రోగికి ముఖపు ఎముకలను పుర్రె నుండి విడదీసి ముందుకు జరిపిన శస్త్రచికిత్సను ప్రచురించాడు. ఈ మార్గాన్ని తరువాత ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు పోల్ టెస్సియే విస్తృతంగా అభివృద్ధి చేశాడు.

భారతదేశంతో సంబంధం

తెగిన ముక్కును తిరిగి నిర్మించే విద్యకు భారతదేశంలో ప్రాచీన చరిత్ర ఉంది. చెంప చర్మంతో ముక్కును నిర్మించే విధానం సుశ్రుత సంహితలో ఉంది. నుదుటి చర్మాన్ని కాడతో సహా తిప్పి ముక్కుగా అమర్చే పద్ధతి గురించి 1794లో లండనులోని జెంటిల్మన్స్ మాగజైన్ ఒక వార్తను ప్రచురించింది. దానిని ఆధారం చేసుకుని జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లాండులో ఆ శస్త్రచికిత్స చేశాడు. పాశ్చాత్య వైద్యులు దీనిని భారతీయ పద్ధతి అని పిలిచారు. గిల్లీస్ తన రోగులకు ముక్కులను నిర్మించేటప్పుడు ఈ నుదుటి ఫ్లాపునే విరివిగా వాడి, దానికి లోపలి పొరను, మృదులాస్థి ఆధారాన్ని జోడించాడు.

గిల్లీస్ వద్ద శిక్షణ పొందిన భారతీయులలో నోషిర్ ఆంటియా ముఖ్యుడు. ఈయన స్వదేశానికి తిరిగివచ్చి బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాన్ని నెలకొల్పాడు. కుష్ఠువ్యాధి వలన ముక్కు లోపలి పొర, ఎముక నశించి ముక్కు కుంగిపోతుంది. ముడుచుకున్న చర్మాన్ని లోపల నుండి విడదీసి, కొత్త చర్మపు పొరను అమర్చే గిల్లీస్ పద్ధతిని ఆంటియా కుష్ఠురోగులకు ఉపయోగించాడు.

మరణం

గిల్లీస్ మొదటి భార్య కాథ్లీన్ 1957లో మరణించింది. అదే సంవత్సరం, చాలాకాలంగా శస్త్రచికిత్సలలో తనకు సహాయకురాలిగా ఉన్న మార్జరీ క్లేటన్‌ను వివాహం చేసుకున్నాడు. వృద్ధాప్యంలో కూడా ఆయన వృత్తిని మానలేదు. తైలవర్ణ చిత్రాలు వేయడం, చేపలు పట్టడం ఆయనకు ఇష్టమైన వ్యాపకాలు. ఆగస్టు 1960లో ఒక యువతి కాలికి శస్త్రచికిత్స చేస్తుండగా మెదడులో రక్తం గడ్డకట్టి అస్వస్థుడయ్యాడు. సెప్టెంబరు 10, 1960న తన 78వ యేట లండనులో మరణించాడు.

అనంతర కాలంలో ఎముక ఫ్లాపులు

గిల్లీస్ మరణించిన 1960లోనే అమెరికాలో జాకబ్సన్, స్వారెజ్ అనే వైద్యులు సూక్ష్మదర్శిని సహాయంతో అతిసన్నని రక్తనాళాలను కుట్టవచ్చని నిరూపించారు. రక్తనాళాలను కుట్టే విద్యకు 20వ శతాబ్దారంభంలోనే అలెక్సిస్ కారెల్ పునాది వేశాడు. ఈ రెండు మార్గాలు కలియడంతో కాడ అవసరం తీరింది. ఒక భాగాన్ని దాని ధమని, సిరలతో సహా పూర్తిగా వేరుచేసి, కొత్త చోటనున్న రక్తనాళాలకు కుట్టి వెంటనే రక్తం పారించవచ్చు.

1975లో ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు ఇయాన్ టేలర్ ఈ విధంగా కాలిలోని సన్నని ఎముకను, అనగా ఫిబులాను, రక్తనాళాలతో సహా తరలించిన విషయాన్ని ప్రచురించాడు. 1989లో అమెరికన్ శస్త్రవైద్యుడు డేవిడ్ హిడాల్గో ఇదే ఎముకను దవడ ఆకారంలో కోసి మలచి కింది దవడను నిర్మించే విధానాన్ని ప్రచురించాడు. నోటి కాన్సర్ వలన దవడను తొలగించవలసి వచ్చిన రోగులకు ఈ పద్ధతి నేడు విస్తృతంగా ఉపయోగపడుతోంది.

సాధనాలు మారినా చిక్కుల స్వభావం పెద్దగా మారలేదు. కుట్టిన రక్తనాళంలో రక్తం గడ్డకడితే ఫ్లాపు మొత్తం చనిపోతుంది. సిరలో గడ్డకడితే ఫ్లాపు నీలంగా మారి ఉబ్బుతుంది, ధమనిలో గడ్డకడితే పాలిపోయి చల్లబడుతుంది. ఈ ప్రమాదం మొదటి రెండు మూడు రోజులలో ఎక్కువ కాబట్టి ఆ సమయంలో గంట గంటకూ పరీక్షిస్తారు. త్వరగా గుర్తించి తిరిగి శస్త్రచికిత్స చేస్తే చాలా ఫ్లాపులను కాపాడవచ్చు. ఎముక లోపల ఉండి కంటికి కనబడదు కనుక, దానితో పాటు తెచ్చిన చిన్న చర్మపు ముక్క రంగును బట్టి ఎముక స్థితిని అంచనా వేస్తారు. లాలాజలం కారి చీము పట్టడం, ఎముక అతుక్కోకపోవడం, బిగించిన లోహపు పలక బయటపడడం తరువాతి వారాలలో, నెలలలో కనిపించే చిక్కులు. ముందుగా రేడియేషన్ చికిత్స పొందినవారిలో, పొగ త్రాగేవారిలో ఇవి ఎక్కువ. ఎముకను తీసిన కాలిలో చీలమండ బలహీనత, పాదం మీద తిమ్మిరి, గాయం ఆలస్యంగా మానడం కూడా కలుగవచ్చు.

వారసత్వం

గిల్లీస్ ప్రసిద్ధికి మూలమైన గొట్టపు కాడ పద్ధతి సూక్ష్మ రక్తనాళాల శస్త్రచికిత్స వచ్చాక దాదాపుగా కనుమరుగైంది. అయితే ఆయన రూపొందించిన సూత్రాలు మాత్రం నిలిచాయి. చికిత్సకు ముందు సరిగా నిర్ధారణ చేయడం, కత్తి పట్టకముందే పథకం వేసి నమూనా తయారుచేసుకోవడం, పోయినదానిని అటువంటి దానితోనే పూరించడం, బ్రతికి ఉన్న ఏ చిన్న భాగాన్నీ పారవేయకపోవడం, మొదటి పథకం విఫలమైతే ఆదుకునే రెండవ పథకాన్ని సిద్ధంగా ఉంచుకోవడం వీటిలో ముఖ్యమైనవి. ఆల్డర్‌షాట్, సిడ్‌కప్ ఆసుపత్రులలో రోగుల శరీరాల మీద నేర్చుకున్న ఈ పాఠాలను వైద్య విద్యార్థులు నేటికీ నేర్చుకుంటున్నారు. సిడ్‌కప్‌లోని రోగుల కేసు పత్రాలు, టాంక్స్ చిత్రాలు భద్రపరచబడి వైద్యచరిత్ర పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి.